జూన్‌లో చెప్పిన మాట

రోవీనా టాలక్‌సన్ ఇరవై రెండేళ్లుగా ఆ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది పిల్లలకు అడ్వైజరు. ఏ కోర్సు ముందు తీసుకోవాలి, ఏది వెనక్కి నెట్టాలి, ఏ ప్రొఫెసరు పొద్దున పూట మనిషిలా ఉండి మధ్యాహ్నం భోజనమయ్యాక మీద పడి కరుస్తాడు, ఇవన్నీ ఆమెకు కొట్టినపిండి. ఆ సంగతి ఆమెకు తెలుసు. పక్కవాళ్లకు తెలిసేలా చూసుకోవడం కూడా తెలుసు.

అడ్వైజరు చెప్పిన మాట వల్ల ఏ పిల్లకైనా, పిల్లాడికైనా చదువులో నష్టం జరిగితే ఆ అడ్వైజరే నింపాల్సిన కాగితం ఒకటుంది. గులాబీ రంగుది. పైన 'అడ్వైజరు పొరపాటు' అని లావుగా అచ్చేసి ఉంటుంది. నింపినవాడు సంతకం చేసి డీన్ దగ్గరకు పంపుకోవాలి. పక్క గదిలో కూర్చునే టోబిన్ అనే కుర్ర అడ్వైజరు రెండేళ్లలో మూడు నింపాడు. రోవీనా ఒక్కటీ నింపలేదు. "ఇంకో రెండు నింపు నాయనా, అంటించుకుంటే నీ గది గోడలకి రంగు వేయించే పని తప్పుతుంది" అని అతన్ని ఏడిపించేది. టోబిన్ మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకునేవాడు.

ఆమె బల్ల మీద గాజు గిన్నెలో నల్లటి మిఠాయి బిళ్లలుంటాయి. నార్వే నుంచి వచ్చిన అమ్మమ్మ చేసిన అలవాటు. ఉప్పగా, ఘాటుగా, తారు నాకినట్టుంటాయి. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ ఒకటి ఇచ్చి మొహం వంక చూస్తుంది. మొహం వంకర పోకుండా మింగినవాళ్లు నాలుగేళ్లూ పూర్తి చేస్తారని ఆమె లెక్క. ఆ లెక్క ఎన్నిసార్లు తప్పిందో ఆమె ఎప్పుడూ రాసుకోలేదు.

అక్టోబరు మూడో గురువారం పొద్దున ఆమె కంప్యూటర్లో ఎర్రజెండా గుర్తొకటి వెలిగింది. "మారిట్ సోల్బెర్గ్, కెమిస్ట్రీ. వరసగా మూడు మంగళవారాలు ల్యాబ్‌కు రాలేదు. రేపు సాయంత్రం ఐదింటికి పేరు తీసేస్తున్నాను." కింద ప్రొఫెసరు డాక్టర్ క్వార్ల్స్ పేరుంది.

మారిట్ ఎవరో రోవీనాకు వెంటనే గుర్తొచ్చింది. జూన్‌లో పేర్లు నమోదు చేసుకునే రోజు వచ్చిన పొడుగాటి పిల్ల. పశువుల డాక్టరు కావాలంది. మిఠాయి ఒకటి తిని, ఇంకోటి తీసుకోవచ్చా అని అడిగింది. ఇరవై రెండేళ్లలో అలా అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఇలాంటి పిల్ల మూడు ల్యాబులు ఎగ్గొట్టడమేమిటి? ఆ కెమిస్ట్రీ ఆగస్టులో తప్ప మళ్లీ మొదలవదు. ఇప్పుడు పోతే పశువైద్యం దారి మొత్తం ఏడాది వెనక్కి పోతుంది. ఏడాది వెనకబడ్డ పిల్లల్లో సగంమంది మళ్లీ కనపడరు.

ఫోన్ చేస్తే ఎవరూ తీయలేదు. హాస్టల్లో ఆమె గదిలో ఉండే అమ్మాయిని పట్టుకుంటే, "ఇంటికెళ్లిందండీ. ఎప్పుడొస్తుందో చెప్పలేదు" అంది.

ఇల్లు గుర్తొచ్చి ఏడుపు, అంతేనని రోవీనా తేల్చేసింది. అక్టోబరులో ఆ జబ్బు మామూలే. దానికి ఆమె దగ్గర పదిహేను నిమిషాల ఉపన్యాసం సిద్ధంగా ఉంటుంది. అయితే ఫోన్లో పిల్లలు జారుకుంటారు, ఎదురుగా కూర్చుంటే ఎక్కడికి పోతారు? వాళ్ల ఊరు వెస్టర్‌హైమ్ అరవై మైళ్లు. గిన్నెలోంచి గుప్పెడు బిళ్లలు కోటు జేబులో వేసుకుని కారు తీసింది.

ఊళ్లు దాటాక రోడ్డు నిండా మట్టి. తల పగిలేంత లావు చక్కెర దుంపలు లారీల మీంచి జారి రోడ్డు వారన దొర్లుతున్నాయి. నల్లటి నేల మీద యంత్రాలు అటూ ఇటూ నడుస్తున్నాయి. ఏటా చూసేదే. రెడ్ రివర్ లోయలో అక్టోబరు అంటే దుంపలే, నేల గడ్డకట్టేలోగా తవ్వి పడెయ్యాలి, రాత్రీ పగలూ లేదు. రోవీనా పట్నంలో మందుల కొట్టు నడిపినాయన కూతురు. లారీ వెనక చిక్కుకున్నప్పుడు విసుక్కోవడం వరకే ఆమెకూ దుంపలకూ సంబంధం. ఇప్పుడూ విసుక్కుంది, అంతకుమించి ఆలోచించలేదు.

సోల్బెర్గ్‌ల పొలం గట్టున ఒక పెద్దాయన ట్రాక్టరు కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. మారిట్ తండ్రి ఓర్లెన్. చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"మా అమ్మాయా? లారీ మీదుంది. దుంపల గుట్ట దగ్గర లైన్లో దొరుకుద్ది. ఎర్ర లారీ, ముందు దీపం ఒకటి పగిలుంటది."

అప్పుడు రోవీనాకు మొదటిసారి కాస్త తేడాగా అనిపించింది. ఆమె తయారుచేసుకున్న ఉపన్యాసంలో లారీ లేదు.

గుట్ట అంటే నిజంగానే గుట్ట. రెండంతస్తుల మేడంత ఎత్తున, పావు మైలు పొడుగున, చక్కెర మిల్లుకు పోవాల్సిన దుంపలు పోశారు. దాని ముందు ముప్ఫై లారీలు బారులు తీరి ఉన్నాయి. పగిలిన దీపమున్న ఎర్ర లారీ వెతికి, బూట్లు మట్టిలో దిగబడుతుంటే నడిచి వెళ్లి తలుపు తట్టింది.

"మేడమ్! మీరా?" మారిట్ కళ్లు ఎర్రగా ఉన్నాయి, బుగ్గ మీద గ్రీజు మరక. "ఎక్కండి ఎక్కండి, లైను కదిలితే వెనకోళ్లు నన్ను తినేస్తారు."

రోవీనా ఆపసోపాలు పడుతూ ఎక్కింది. క్యాబిన్ నిండా మట్టివాసన, కాఫీవాసన.

"ఒంట్లో బానే ఉందా?"

"బానే ఉంది మేడమ్. నిద్రే లేదు. అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం దాకా బండి నాది, తర్వాత మా అన్నది. మధ్యలో వాన పడి నేలంతా బురదైంది, ఆరు రోజులు ఊరికే కూర్చున్నాం. లేపోతే ఎప్పుడో అయిపోయేది. సోమవారం వచ్చేస్తా."

"ఎవరికి చెప్పి వచ్చావమ్మాయ్?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది మారిట్. "మీకు చెప్పా కదా."

"నాకా?"

"జూన్లో. అక్టోబర్లో దుంపలు, వారం పదిరోజులు రానని చెప్పా. మీరు రాసుకున్నారు. అంతా నే చూసుకుంటాలే, పో అన్నారు."

"అలా అనుండను," అంది రోవీనా. గొంతులో తొణుకూ బెణుకూ లేదు. "నేను ఒకటి రాసుకున్నానంటే వదిలిపెట్టను. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నా ఈ పని. నువ్వు ఇంకెవరికో చెప్పుంటావు."

మారిట్ చూపు రోడ్డు మీదకు తిప్పుకుంది. "అయ్యుండొచ్చు మేడమ్. నేనే సరిగ్గా చెప్పలేదేమో."

ముందు లారీ కదిలింది. మారిట్ గేరు మార్చి పది అడుగులు పోనిచ్చి ఆపింది.

"మా స్కూల్లో పిల్లల మంచీచెడ్డా చూసే కౌన్సిలర్ గారి చెవిన ఒక్క మాట వేస్తే చాలు. టీచర్లందరికీ ఆయనే చెప్పుకునేవాడు. అక్టోబర్లో సగం క్లాసు ఖాళీయే, ఎవరూ అడగరు కూడా. ఇక్కడా అంతే అనుకున్నా."

రోవీనా విషయం కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది. మూడు ల్యాబులు పోయాయి, రేపు ఐదింటికి పేరు తీసేస్తారు, ఏడాది పోతుంది.

మారిట్ ఏడవలేదు. అదే రోవీనాకు నచ్చలేదు.

"అయితే మొత్తం తీసేయండి మేడమ్. కెమిస్ట్రీ ఒక్కటే ఎందుకు, అన్నీ తీసేయండి. అక్కడ ఎవరికి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో నాకు తెలీట్లేదు. ఇక్కడైతే అన్నీ తెలుసు."

ఇంతలో పైనున్న వైర్‌లెస్ సెట్టు గరగరలాడింది. ఓర్లెన్ గొంతు. "మారిట్, ఆవిడ దొరికిందా?"

"పక్కనే ఉన్నారు నాన్నా. మా అడ్వైజరు గారు."

"ఏమన్నా తిందేమో కనుక్కో. సీటు వెనకాల రొట్టెలున్నై."

రోవీనా రొట్టె తినలేదు. జేబులోని బిళ్లలు తీసి ఒకటి మారిట్‌కు ఇచ్చి, ఒకటి తన నోట్లో వేసుకుంది. "ఇవాళ నేనేమీ తీసెయ్యను. నువ్వు కూడా తీసెయ్యకు. రేపు మధ్యాహ్నం దాకా నాకు టైమివ్వు" అని దిగిపోయింది. ఆ నిమిషానికి ఆమె చేతిలో ఏ ఉపాయమూ లేదు. ఉపాయం లేకుండా భరోసా ఇవ్వడం ఆమెకు కొత్తేమీ కాదు. దారిలో ఏదో ఒకటి తడుతుందని ఆమె నమ్మకం, చాలాసార్లు తట్టేది కూడా.

ఈసారి దారి పొడుగునా తట్టింది ఒక్కటే, 'నేనే సరిగ్గా చెప్పలేదేమో' అన్న మాట. అది పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. అబద్ధమాడే పిల్ల అలా తగ్గదు. ఇంకాస్త గట్టిగా వాదిస్తుంది.

ఆఫీసుకు రాగానే కోటు విప్పకుండానే బీరువా తెరిచింది. పిల్లలతో మాట్లాడేటప్పుడు ఆమె పసుపు కాగితాల మీద చేత్తో రాసుకుంటుంది, తీరిక దొరికినప్పుడు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. జూన్ పంతొమ్మిది కట్ట విప్పింది. మారిట్ కాగితం అయిదోది.

'సోల్బెర్గ్. పశువైద్యం. లెక్కల్లో గట్టిది. మిఠాయి రెండు తింది!! అక్టోబరు: దుంపలు, వారం పది రోజులు రాదు. ప్రొఫెసర్లకు చెప్పాలి.'

చివరి మాట కింద రెండు గీతలు. అక్షరాలు ఆమెవే, గీతలూ ఆమెవే. కంప్యూటర్లో చూస్తే పశువైద్యం ఎక్కింది, లెక్కలు ఎక్కాయి. దుంపల మాట ఎక్కలేదు, అది ఎక్కించబోయేసరికి ఎవరో తలుపు తట్టి ఉంటారు.

రోవీనా కుర్చీలో కూలబడింది. సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది. పొరపాటు చేసినందుకు అంత కాదు. నిద్రలేని పిల్ల నిజం చెబుతుంటే, దాని మొహం మీదే కాదని కొట్టిపారేసి, ఆ నిజాన్ని అది తనంతట తానే వెనక్కి తీసుకునేలా చేసింది. ఆ గొంతుతో, ఆ ధీమాతో. ఈ పసుపు కాగితం మళ్లీ కట్టలో పెట్టేస్తే ప్రపంచంలో ఎవరికీ తెలియదు. మారిట్ ఈ జన్మలో అడగదు. అది తలుచుకున్నాక ఆమె ఇక కూర్చోలేకపోయింది.

పక్క గది తలుపు తోసింది. "టోబిన్, ఆ గులాబీ కాగితం ఒకటివ్వు."

టోబిన్ తలెత్తాడు. "మీ దగ్గర లేవా?"

"నాకెప్పుడు అవసరమొచ్చింది?"

అతను సొరుగు లాగి కాగితం తీశాడు. ఏమైనా అంటాడేమోనని ఆమె సిద్ధంగా నిలబడింది. "మూడో గడిలో తారీఖు వెయ్యడం మర్చిపోకండి. నాకు మొదటిసారి వెనక్కొచ్చింది" అన్నాడు, అంతే. అతను ఏడిపించి ఉంటేనే ఆమెకు తేలిగ్గా ఉండేది.

క్వార్ల్స్ రెండేళ్ల కిందట తూర్పు తీరం నుంచి వచ్చాడు. సన్నటి మనిషి. రోవీనా వెళ్లేసరికి తన గదిలో, ఇస్త్రీ చేసిన చొక్కాలో, ఎదురుగా కాఫీ కప్పుతో కూర్చుని ఉన్నాడు.

"దుంపల కోసం మూడు వారాలు మానేసిందా?"

"ఇక్కడ మానేస్తారు. ఆ కాఫీలో వేసుకున్న చక్కెర ఎక్కడ పుట్టిందనుకున్నారు?"

ఆయన కప్పు వంక చూశాడు గానీ మెత్తబడలేదు. "నా సిలబస్‌లో రూలుంది కదండీ. విశ్వవిద్యాలయానికి ముందుగా తెలియజేస్తేనే ల్యాబ్ మళ్లీ చేయిస్తాను. ఒకరికి సడలిస్తే వంద మందికి సడలించాలి."

"సడలించమని ఎవరడిగారు? మీ రూలే అడుగుతున్నా." పసుపు కాగితం ఆయన ముందు పెట్టింది. "విశ్వవిద్యాలయానికి తెలియజేసింది. జూన్ పంతొమ్మిదిన. ఆ పూట విశ్వవిద్యాలయం అంటే నేను. మీదాకా చేర్చాల్సింది నేను, చేర్చలేదు."

క్వార్ల్స్ కాగితం రెండుసార్లు చదివాడు. "మిఠాయి ఏమిటి?"

"అది మీకు అనవసరం."

గులాబీ కాగితం కూడా చదివాడు. "ఇది డీన్ దగ్గరకు పోతుంది. మీకు తెలుసు కదా?"

"తెలుసు."

ఆయన కాసేపు కలం తిప్పాడు. "సరే. మూడు ల్యాబులు, మూడు శనివారాలు, పొద్దున ఏడింటికి. నిమిషం ఆలస్యమైతే తలుపు వేసేస్తా. కానీ ఆ అమ్మాయి స్వయంగా సంతకం చెయ్యాలి, రేపు ఐదు లోపల. కింద విద్యార్థి మాట అని గడి ఉంది చూడండి, అది కూడా తనే రాయాలి. మీరు చెప్పిందే చాలదు. చెప్పానని తనూ అనాలి."

శుక్రవారం మళ్లీ అరవై మైళ్లు. మధ్యాహ్నం బండి అన్నకు అప్పగించే వేళకు రోవీనా పొలం గట్టున ఉంది. లారీ ముందు రేకు మీద గులాబీ కాగితం పరిచింది, గాలికి ఎగరకుండా రెండు వైపులా దుంపలు పెట్టింది.

మారిట్ నిలబడే చదివింది. చదివి తల అడ్డంగా ఊపింది.

"ఇది సరికాదు మేడమ్. మొత్తం మీరే అని రాసుకున్నారు. ఆయనకి నేనూ ఒక మాట చెప్పాల్సింది. సగం నాది."

"ఈ కాగితంలో సగాలు లేవు."

"డీన్ దాకా పోతుందంటున్నారు. మీకు మాటొస్తుంది."

"రానీ. ఇన్నేళ్లూ రాకపోవడమే ఎక్కువ." రోవీనా కలం ఆమె చేతిలో పెట్టింది. "ముందు ఇది చెప్పు. నిన్న నేను కాదంటే, చెప్పానని గట్టిగా ఎందుకు అనలేదు?"

"మీరు అంత గట్టిగా అంటుంటే... నాకే అనుమానమొచ్చింది."

"విను అమ్మాయ్. తప్పు నాది. నువ్వు చెప్పావు, నేను రాసుకున్నాను, నేను మర్చిపోయాను, పైగా నిన్ను దబాయించాను. క్షమించు." ఈ నాలుగు ముక్కలు అనడానికి ఆమెకు ఊపిరి చాలలేదు. "ఇక నా సలహా. మొదటి ఏడాదిలో నువ్వు నేర్చుకోవాల్సింది కెమిస్ట్రీ కాదు. చెప్పింది చెప్పానని చెప్పడం. అవతల ఎవరున్నా, ఎంత గట్టిగా అరిచినా. నేనున్నా సరే."

మారిట్ సంతకం చేసింది. 'విద్యార్థి మాట' అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. "ఇక్కడేం రాయాలో తర్వాత రాస్తా."

ఓర్లెన్ ఎప్పుడొచ్చాడో వెనకాలే నిలబడి ఉన్నాడు. కూతురి భుజం మీదుగా కాగితం చూశాడు. "ఇంకా పదెకరాలుంది. అది నేనూ మీ అన్నా చూసుకుంటాం. నువ్వు మొహం కడుక్కుని ఆవిడ కారెక్కు" అన్నాడు. తర్వాత రోవీనాతో, "మట్టవుద్ది మీ కారు" అన్నాడు.

"కానివ్వండి," అంది ఆమె.

పెద్దరోడ్డు ఎక్కకముందే మారిట్ నిద్రపోయింది. అరవై మైళ్లూ రోవీనా రేడియో పెట్టలేదు.

నాలుగున్నరకు ఇద్దరూ క్వార్ల్స్ ముందు నిలబడ్డారు. ఆయన కాగితం తిప్పి చూసి, ఖాళీ గడి మీద వేలు పెట్టాడు. "ఇది ఖాళీగా ఉంటే నేను తీసుకోలేను. నువ్వు ముందుగా చెప్పావా లేదా?"

మారిట్ రోవీనా వంక చూసింది. రోవీనా కావాలనే కిటికీలోంచి బయటకు చూసింది. నోరు మూసుకుని నిలబడటం ఆమె ఉద్యోగంలో ఎప్పుడూ చేయని పని, ఆ అర నిమిషం ఆమెకు చెమటలు పట్టాయి.

"చెప్పాను సర్," అంది మారిట్. వంగి, బల్ల మీద ఉన్న కలం తీసుకుని రాసింది. పక్క నుంచి రోవీనా తొంగి చదివింది. 'నేను జూన్‌లోనే చెప్పాను.' చుక్క ఎంత నొక్కి పెట్టిందంటే అక్కడ కాగితానికి చిల్లు పడింది.

క్వార్ల్స్ సంతకం చేశాడు. "రేపు ఏడింటికి. ఆ బూట్లతో ల్యాబ్‌లోకి రానివ్వను."

"సరే సర్."

బయట వరండాలోకి వచ్చారు. రోవీనా కోటు జేబు తడుముకుంటే ఒక్క బిళ్ల మిగిలింది. ఇవ్వబోయేలోగా మారిట్ నడుస్తున్నది టక్కున ఆగింది.

"మేడమ్, వచ్చే ఏడాది రెండో కెమిస్ట్రీ కూడా ఈయనదేనా?"

"ఆయనదే. ఏం?"

"అక్టోబర్లో మళ్లీ దుంపలుంటాయి కదా."

"ఉంటాయి. ఇదిగో, ఈసారి నీ ఎదురుగానే కంప్యూటర్లో—"

"మీకూ చెప్తా," అంది మారిట్, అప్పటికే వెనక్కి తిరిగి, మట్టి బూట్ల అచ్చులు వరండా పొడుగునా వేసుకుంటూ పోయి క్వార్ల్స్ తలుపు తట్టింది.